పల్లకీ బొమ్మల కింది అట్ట

శాలిబండ దగ్గరి నవాబుల కాలపు దేవిడీ భవనంలో ఏటా చలికాలం పెట్టే ప్రదర్శన చూద్దామని మొన్న వెళ్లి, మట్టి పల్లకీ ముందు, దాన్ని మోస్తున్న ఎనిమిది మంది బోయీల బొమ్మల ముందు నిలబడిపోయాను. వాటి కింద ఇప్పుడొక మెరిసే ఫలకం ఉంది, దాని మీద మూడు భాషల్లో 'పేరు తెలియని కళాకారుడు' అని ఉంది. ఆ మాట రాసింది నేనే. నా రాతల్లో అనువాదానికి నోచుకున్నది అదొక్కటే.

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, అక్కడి వస్తువుల కింద పెట్టే అట్టలు రాసే పని దొరికింది నాకు. ఆ బొమ్మలు చేసింది ధూల్‌పేటలో వినాయకులను చేసే మా మేనమామ. విగ్రహాల మీద ఆయన ఎన్నడూ పేరు వేసుకోలేదు, నీళ్లలో కలిసేదానికి పేరెందుకనేవాడు. ఇవి నీళ్లలోకి పోయేవి కావు గనుక, తన పేరూ తన తండ్రి పేరూ రాయమని నన్ను అడిగాడు. సరేనన్నాను. బొమ్మలు ఒక దుకాణం ద్వారా రావడంతో, చేసిందెవరో తెలుసా అని మా పై అధికారిణి నన్నే అడిగింది. పెద్దింటి చదువుకున్నవాడిలా కనబడడానికి రెండు నెలలుగా పడుతున్న శ్రమ వృథా అవుతుందనిపించి, తెలియదన్నాను. అయితే అదే రాయమంది. రాశాను. దస్తూరి మాత్రం బాగా కుదిరింది.

ప్రదర్శన మొదటి రోజే మామ, అత్త ఇస్త్రీ బట్టల్లో వచ్చారు.

"గిదేనా అల్లుడా? సదువు," అన్నాడు మామ, అక్షరం రాని వేలు అట్ట మీద పెట్టి.

చుట్టుపక్కల ఎవరూ లేరు, నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. అట్ట మీద లేని పేర్లు రెండూ నేను స్పష్టంగా చదివాను.

"రెండు పేర్లు గింత అట్టల పట్టినయా?"

"చిన్నగ రాసిన మామా."

"సదువుకున్నోని చెయ్యి గట్లుంటదే," అన్నాడు అత్తతో. అత్త ఆ అట్టను కొంగుతో తుడిచింది.

ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ ప్రతి చలికాలం ఎవరో ఒకరిని వెంటబెట్టుకొచ్చి, ఆ అట్టను వేలితో చూపిస్తూ తన పేరు తానే చదివేవాడట. వెంట వచ్చినవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

మొన్న టికెట్ల దగ్గరి కుర్రవాడికి అసలు సంగతి చెప్పాను. ఆధారమేమైనా ఉందా సార్ అన్నాడు. ఆ తప్పు రాసింది నేనేనన్నాను. అది ఆధారం కిందికి రాదని మర్యాదగా చెప్పాడు.

మా కాలంలో అది చేతిరాత అట్ట. చించేసి కొత్తది రాయడానికి రెండు నిమిషాలు చాలు, నాకు మాత్రం నలభై ఏళ్లు సరిపోలేదు. ఇప్పుడు ఫలకాన్ని గోడకు మరలతో బిగించేశారు. మామ చేసిన వినాయకులన్నీ పేరు లేకుండానే నీళ్లలో కలిశాయి, అది ఆయన ఇష్టం. ఈ ఎనిమిది మంది బోయీలు మాత్రం నా ఇష్టప్రకారం అలా నిలబడి ఉన్నారు.