పప్పుచారులో బెండు

నీళ్ళు ఎక్కడ కనిపించినా నోవహుకు అందులో ఒక బెండు వేసి చూడాలనిపిస్తుంది. అది బకెట్టు కావచ్చు, కూలర్ కావచ్చు, పక్కింటి పసివాడి స్నానాల టబ్బు కావచ్చు. బెండంటే గాలపు దారానికి కట్టే తేలుడు కాడ. చేప ఎర కొరికితే అది బుడుంగున మునగాలి, కొరకనంతసేపూ మర్యాదగా నిటారుగా నిలబడాలి. ఆ మర్యాద నేర్పడానికే తన భర్త రిటైరయ్యాడని రెబ్కా నమ్మకం. ఇంతా చేసి, ఆయన ఒక్క చేపను పట్టగా చూసినవాళ్ళు మయూర్ విహార్ మొత్తంలో లేరు.

"ఇంకా కుదరలేదే," అనేవాడు ఎప్పుడు అడిగినా.

నోవహు బాపట్ల దగ్గర కాలవగట్టున పెరిగి, ఢిల్లీలో ఒక ఆఫీసు స్టోర్లో బల్బులూ ఫైళ్ళూ పంచుతూ ఉద్యోగం ముగించాడు. రెబ్కా ఇంకా కంటి ఆసుపత్రిలో హెడ్ నర్సు. డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద రెల్లు కాడలు, థర్మాకోల్ ముక్కలు, సీసపు గుళ్ళు పరుచుకుని ఉండేవి. తినడానికి చోటుండేది కాదు.

"ఏవండీ, మొన్న కొన్న నా ఎర్ర నెయిల్ పాలిష్ ఏదండీ?"

"బెండుకేశాను. దానికి భలే నప్పింది."

ఒకరోజు ఆమె పైటకు గాలం తగులుకుని, దాని వెనక బెండు వేలాడుతూ, అలాగే మెట్రో ఎక్కేసింది. ఒకావిడ భుజం తట్టి, "దీదీ, ఆప్‌కే పల్లూ మే మిర్చీ లటక్ రహీ హై," అంది. దిష్టికి మిరపకాయ కట్టుకున్నారేమోనని ఎవరూ అంతవరకూ అడగలేదట. ఆ రోజు నుంచి ఇంట్లో గాలపు ముల్లు నిషేధం. నోవహు ముల్లు స్థానంలో రెబ్కా చీర పిన్నులు కట్టడం మొదలుపెట్టాడు. చీర పిన్నులూ పోయాయి.

ఇంటికి ఎవరొచ్చినా వదిలేవాడు కాదు. టబ్బులో బెండు వేసి, వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గరే నిలబెట్టి, కళ్ళజోడు తీసి చూడమనేవాడు. గ్యాస్ బండ తెచ్చినవాడికి కళ్ళజోడు లేకపోతే, "భయ్యా, ఆంఖే ఆధీ బంద్ కర్‌కే దేఖో. దిఖ్తా హై?" అని అడిగాడు. అతను బండ దించి, కళ్ళు సగం మూసి, "నహీ దిఖ్తా," అని తల అడ్డంగా ఊపాడు. నోవహు నిట్టూర్చి ఆ బెండును విరిచేశాడు.

ఈ వ్యవహారానికి ప్రధాన శత్రువు కింది అంతస్తులో ఉండే పాపయ్యగారు. అమలాపురం వైపు మనిషి. భార్య పోయింది, కొడుకూ కోడలూ పగలంతా ఆఫీసుల్లో ఉంటారు. బాల్కనీలోంచి టబ్బు నీళ్ళు తన లుంగీల మీద పడుతున్నాయని రోజూ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి తిట్టేవాడు. నోవహు చాలా శ్రద్ధగా వినేవాడు.

చర్చివాళ్ళ కూడిక వాళ్ళింట్లో పెట్టుకున్న ఆదివారం పరిస్థితి చేయి దాటింది. ప్రార్థన అయ్యాక భోజనాలకు కూర్చున్నారు. పాస్టర్ యేసుకుమార్‌గారు పప్పుచారులోని ములక్కాడ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమలసాగారు. ఎంత నమిలినా అది లొంగలేదు. నలుగురిలో ఉమ్మడం బాగుండదని ఇంకాసేపు నమిలారు. చివరికి పెదవుల మధ్య దారం కనిపిస్తే పట్టుకుని లాగారు. దారం వస్తూనే ఉంది. దాని చివర పచ్చరంగు బెండు వచ్చింది.

"చెరువు నీళ్ళు చిక్కగా ఉంటాయి కదా అని..." అన్నాడు నోవహు. తరువాత ఆత్రం ఆపుకోలేక, "పాస్టర్‌గారూ, ఒక్కమాట. చారులో అది నిటారుగా ఉందా, పక్కకి ఒరిగిందా?" అని అడిగాడు.

అందరూ వెళ్ళాక రెబ్కా పప్పుచారు గిన్నె ఆయన ముందు పెట్టింది.

"ఈ వారంలో చేపలకు వెళ్ళండి. లేదంటే వీటన్నిటినీ పారేస్తాను."

"ఇంకా కుదరలేదే."

"ఎవరికి కుదరాలండీ? చేపలకా?"

ఆయన తల దించుకుని పచ్చ బెండును తుడవసాగాడు. అది ఆమెను ఇంకా మండించింది.

శనివారం ఆమెకు సెలవు. నోవహు ఇంట్లో లేడు. రెబ్కా బెండ్లన్నీ గోనెసంచిలో కుక్కి, ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. కిందికి వచ్చేసరికి పాపయ్యగారి తలుపు తీసి ఉంది. లోపల నోవహు గొంతు వినిపించింది.

"ఇది ఎలా ఉందండీ, పాపయ్యగారూ?"

"ఇదీ ఒక బెండేనటయ్యా? మా కోనసీమలో పిల్లకాయలు కూడా ఇంతకంటే బాగా కడతారు. సరైనది కట్టు, అప్పుడు వస్తాను చేపలకు."

రెబ్కా తొంగిచూసింది. బెండు టబ్బులో ఉంది. పాపయ్యగారు మాత్రం టబ్బు పక్కనున్న మగ్గును తిడుతున్నాడు. మెడ ఓరగా తిప్పి కంటికొసతో వెతుకుతున్నాడు. చూపు మధ్యభాగం పోయినవాళ్ళు అలాగే చూస్తారు. వార్డులో ఆమె రోజూ చూసే చూపు అది. సంచి చప్పుడు కాకుండా ఎత్తుకుని తిరిగి పైకి వెళ్ళిపోయింది.

నోవహు వచ్చాక అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"వానల్లో. బాల్కనీలోంచి వాననీళ్ళు పడుతున్నాయని తిట్టడానికొచ్చి, కొక్కేనికున్న నా రెయిన్‌కోటును తిట్టాడు. చాలాసేపు. అది మారు మాట్లాడలేదు కదా, 'ఇవాళన్నా బుద్ధిగా విన్నావు' అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో ఉన్నాను."

"డాక్టరుకి చూపించుకోమనలేకపోయారా?"

"అన్నాను. నావి గద్ద కళ్ళయ్యా అన్నాడు. చూపు తగ్గిందని ఒప్పుకోడు, బయటికీ రాడు. చేపలంటే మాత్రం మొహం వెలిగింది. కనబడే బెండు ఒకటి కడితే చాలు రెబ్కా, మనిషి గుమ్మం దాటుతాడు."

రెబ్కా గోనెసంచి విప్పి బెండ్లు బల్ల మీద పోసింది. ఉద్యోగమంతా కళ్ళ మధ్యే గడిపింది, కింద ఇంటి కళ్ళు తనకు కనబడలేదు.

"ఎరుపు పనికిరాదండీ," అంది. "నిండు పసుపు వేయాలి. నడుమ నల్లపట్టీ. ఈ పుల్లలు చాలవు, పెద్దది కావాలి."

సాయంత్రం ఇద్దరూ సరోజినీ నగర్ వెళ్ళి పసుపుపచ్చ ప్లాస్టిక్ బంతి కొనుక్కొచ్చారు. ఆ రాత్రి వంటలో బెండు పడలేదు కానీ, వంటే జరగలేదు. పెద్ద డేగిసా ఖాళీ చేసి రెబ్కాయే నీళ్ళు పట్టింది.

మర్నాడు పాపయ్యగారు టబ్బు వైపు మెడ తిప్పి కంటికొసతో చాలాసేపు చూశాడు.

"పసుపు కదూ?" అన్నాడు మెల్లిగా. వెంటనే గొంతు సవరించుకుని, "ఆఁ, ఇదీ బెండంటే. ఎప్పుడు బయల్దేరదాం?" అన్నాడు.

ఢిల్లీ దాటాక దాద్రీ వైపు ఒక రైతు చేపలచెరువు ఉంది. చలికాలపు ఎండలో ముగ్గురూ టాక్సీ దిగారు. బెండు నీళ్ళ మీద తేలింది. ఇబ్బందల్లా దాని సైజుతోనే. ఆ బంతిని ముంచగల చేప ఆ చెరువులో ఉంటే, మనుషులు చెరువు దరిదాపులకు రాకూడదు. అయినా కాసేపటికి బెండు బుడుంగున మునిగింది. పాపయ్యగారు గాలం లాగి, "తప్పించుకుంది. పెద్దదే," అన్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ మునిగింది. మళ్ళీ తప్పించుకుంది. ఆయన వయసు సగానికి దిగిపోయింది.

రెబ్కా ఫ్లాస్కు పట్టుకుని భర్తను వెతుకుతూ వెళ్ళింది. నోవహు రెల్లుపొద వెనక బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో ఒక దారం. అది నీళ్ళలో పాతిన కర్ర కింద నుంచి బంతికి పోతోంది. ఆయన వేలు నోటికి అడ్డం పెట్టి ఊరుకోమన్నాడు. చొక్కా నిండా బురద. మొహంలో మాత్రం పండగ.

ఆమె వెనక్కి వచ్చి పాపయ్యగారి పక్కన కూర్చుని టీ పోసింది. పొద వెనక దగ్గు వినిపించింది. బెండు మునిగింది.

"రెబ్కమ్మా," అన్నాడు పాపయ్యగారు, గాలం లాగకుండానే. "మీ ఆయన దగ్గినప్పుడల్లా నా బెండు మునుగుతోందమ్మా. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

ఆమె ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది.

"ఏమీ అనకు. పాపం, సరదా పడుతున్నాడు." ఆయన ఓ గుక్క తాగాడు. "సోమవారం మీ ఆసుపత్రికి వస్తాను, ఆ డాక్టరెవరో చూపించు. మీ ఆయనకి మాత్రం చెప్పకు. నాకు బాగా కనబడుతోందని తెలిస్తే చిన్న బెండ్లు కడతాడు."

పొద వెనక మళ్ళీ దగ్గు. ఈసారి పాపయ్యగారు గాలాన్ని బలంగా లాగి, చెరువంతా వినబడేలా అన్నాడు: "అబ్బ, ఎంత చేపయ్యా నోవహూ, చూశావా?"

"చూశానండీ," అంది రెల్లుపొద.