వంటవాడు దాటిపోని పూట

గైడుగా జాంబే ల్హామోది ఒకటే పద్ధతి. గుంపుకి వెనక నడుస్తుంది. ముందు నడిస్తే కొండ తప్ప ఏమీ కనబడదనీ, ఎవరు కుంటుతున్నారో, ఎవరికి ఊపిరి అందడం లేదో వెనకనుంచే తెలుస్తుందనీ ఆమె వాదన.

పుట్టింది హా లోయలో. తల్లి రోడ్డు పనిలో కంకర కొట్టేది. బడి సెలవుల్లో జాంబే కూడా పక్కన కూర్చుని సుత్తి పట్టేది. పన్నెండో తరగతి అయ్యాక గైడు శిక్షణకి వెళ్తానంటే ఊళ్ళో ఆడవాళ్ళే నవ్వారు.

"మగ గెస్టులతో కొండల్లో గుడారాలేసుకుని తిరుగుతావా? నిన్నెవడు చేసుకుంటాడే?"

"నాతో నడవగలిగినవాడు చేసుకుంటాడు," అంది. పారోలో టాక్సీ నడిపే ఒకతను చేసుకున్నాడు కూడా. నడవలేక రెండేళ్ళకే మానుకున్నాడు. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెబుతుంది.

ఆ శరత్కాలంలో డెన్మార్క్ నుంచి ఒక విశ్వవిద్యాలయం గుంపు వచ్చింది. కొండల్లో జనం బతుకు ఎలా సాగుతుందో నడుస్తూ నేర్చుకునే చదువు వాళ్ళది. పంతులమ్మ పేరు బిర్గిట్. పొడుగాటి మనిషి, ఎండకి మొహం కందిపోయినా టోపీ పెట్టుకునేది కాదు. రోజూ సాయంత్రం గుర్రాల ఆసామి గ్యెంబోని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగేది. చలికాలం గుర్రాలకేం పెడతారు, పిల్లలు ఏ బడికి వెళతారు, జబ్బు చేస్తే ఏం చేస్తారు. గ్యెంబో తమలపాకు నములుతూ జవాబులు చెప్పేవాడు. జాంబే వాటిని ఇంగ్లీషులోకి మార్చేది.

అది అయ్యాక జాంబే గెస్టుల వేళ్ళకి ఒక్కొక్కరికీ క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసేది. తలనొప్పా, తిండి సహిస్తోందా, నిద్ర పట్టిందా అని అడిగేది. గెస్టులని మాత్రమే. వంటవాళ్ళనీ గుర్రాలవాళ్ళనీ అడగమని ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఆమెకీ తోచలేదు. మనవాళ్ళు కదా, కొండ మనుషులు కదా అనుకునేది. దేశంలో సగం మంది కొండల కింద వేడి లోయల్లో, అరటితోటల మధ్య పుట్టి పెరిగారన్న మాట ఆమెకి తెలియక కాదు.

వంటవాడు లెకి అలాంటివాడే. పాన్‌బాంగ్ వాడు. వాళ్ళ ఊళ్ళో డిసెంబరులో కూడా చెమట పడుతుంది. రాజధాని థింపూలో హోటల్ వంటింట్లో ఏళ్ళ తరబడి పనిచేశాడు, అది మూతపడితే యాత్రల వంటకి వచ్చాడు. ఇంత ఎత్తు రావడం అతనికి ఇదే మొదలు. ఆ మాట ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. రాత్రి పని అయ్యాక ఒక గ్లాసు అరా, ఇంట్లో కాచిన సారా, పుచ్చుకునేవాడు. అది మాత్రం అందరికీ తెలుసు.

యాత్రలో వంటవాడి పద్ధతి ఒకటుంది. గెస్టులు టీ తాగి బయల్దేరాక గిన్నెలు తోమి, పొయ్యి సర్ది, అందరికంటే ఆఖరున బయల్దేరతాడు. నడిమి పొద్దుకి అందరినీ దాటిపోయి, ముందు మజిలీలో అన్నం వండి సిద్ధంగా ఉంచుతాడు. లెకి దాటిపోయేటప్పుడు వీపు మీది బుట్టకి కట్టిన మూకుడుని గరిటెతో మోగించేవాడు. "పక్కకి జరగండి, మీ పచ్చిమిరపకాయలు పోతున్నాయి!" అనేవాడు. గుంపులో చదువుకునే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

రాత్రి మజిలీ వేసిన జాంగొథాంగ్ నుంచి న్యిలే లా కనుమకి ఎక్కే రోజున పొద్దుటే పొగమంచు కమ్మింది. కనుమ కింద గడ్డి మైదానంలో గుంపు ఆగి ఫ్లాస్కులో టీ తాగుతుండగా గుర్రాల గంటలు వినిపించాయి. గ్యెంబో వచ్చాడు, గుడారాలు మోసే గుర్రాలు వచ్చాయి. లెకి రాలేదు.

"ఆప్ గ్యెంబో, మావాడేడీ?" పెద్దవాడని 'ఆప్' చేర్చి అడిగింది జాంబే.

"వస్తాడు, వస్తాడు. రాత్రిది ఇంకా దిగలేదు పాపం." గ్యెంబో పడీపడీ నవ్వాడు. "నడుస్తుంటే చూడాలి నువ్వు! కొత్తగా పుట్టిన దూడలాగా కాళ్ళు తలోదిక్కూ పోతున్నాయి. గంబూట్లు కూడా కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడిగాడు. 'ఏంరా, ఏ పెళ్ళికి తాగావు?' అన్నాను. జవాబే లేదు."

జాంబే కూడా నవ్వబోయింది. అంతలోనే ఆగింది.

"నిన్న రాత్రి తాగాడా? నువ్వు చూశావా?"

"చూడలేదు. నిన్న అసలు తిండే తినలేదు. తలనొప్పని దుప్పటి కప్పుకున్నాడు." అప్పుడు గ్యెంబో మొహంలో కూడా నవ్వు పోయింది. "అమ్మా... ఎత్తు జబ్బా?"

గెస్టులని అక్కడే కూర్చోమని, గ్యెంబోని వెంటబెట్టుకుని జాంబే కిందికి పరుగెత్తింది. వాగు మలుపు దగ్గర లెకి రాయి మీద కూర్చుని ఉన్నాడు. బుట్ట పక్కన పడుంది. మూకుడు దొర్లిపోయి నీళ్ళలో ఉంది.

"అన్నా, నన్ను చూడు. నేనెవరు?"

అతను చూశాడు. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. ఆమె అతని నోటి దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. అరా లేదు. నిలబెట్టి, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవమంది. మొదటి అడుగుకే పక్కకి ఒరిగి ఆమె మీద పడ్డాడు.

మెదడు వాచింది. శిక్షణలో చెప్పిన మాట ఆమె చెవిలో మోగింది. దించాలి. వెంటనే దించాలి, ఆలస్యమైతే మళ్ళీ లేవడు. మందూ, ఆక్సిజన్ సిలిండరూ ఎర్ర సంచిలో ఉన్నాయి. ఆ సంచి సవారీ గుర్రం మీద ఉంది. గుర్రం పైన గెస్టుల దగ్గర ఉంది. గెస్టుల కోసమే తెచ్చిన గుర్రం అది.

"ఆప్ గ్యెంబో, వీపున వేసుకుని నెమ్మదిగా దిగుతూ ఉండు. గుర్రంతో వస్తాను."

"పంతులమ్మ ఇస్తుందా?"

"నన్నడుగుతావేం? నడువు!"

మళ్ళీ పైకి ఎక్కేసరికి ఆమె ఛాతీ మండిపోతోంది. పిల్లలు లేచి నిలబడ్డారు. బిర్గిట్ చేతిలో ఉపగ్రహ ఫోను ఉంది. ఆ మంచులో, ఆ కొండల్లో పనిచేసే ఫోను అదొక్కటే. జాంబే అది తీసుకుని థింపూలో ఉన్న యజమానికి చేసింది.

"సార్, లెకికి మెదడు వాపు. కిందికి దించాలి."

"లెకికా? తాగుంటాడు. వెల్లుల్లి చారు పోసి పడుకోబెట్టు."

"తాగలేదు సార్. నేనెవరో కూడా చెప్పలేకపోతున్నాడు."

"సరే, గ్యెంబోతో దింపు. వంట నువ్వు చూసుకో. గుర్రాన్నీ ఆక్సిజన్‌నీ మాత్రం ముట్టుకోకు. కనుమ మీద గెస్టుకి ఏదైనా అయితే వాళ్ళ విశ్వవిద్యాలయానికి నేనేం చెప్పను? గైడు లేకుండా గెస్టులుండకూడదు, నీకు తెలుసు. లైసెన్సు పోతుంది."

"గ్యెంబో ఒక్కడూ మోసుకుపోతే లెకి దారిలోనే చచ్చిపోతాడు సార్."

"అలా ఏం కాదు. మనవాళ్ళు గట్టివాళ్ళు."

జాంబే గుంపు వైపు చూసింది. గడ్డి మీద అస్గర్ అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పొద్దున తలనొప్పి అన్నాడు. వేలికి క్లిప్పు పెట్టి చూసింది, భయపడేదేమీ లేదు, నీళ్ళు తాగమంది.

"సార్, ఒక గెస్టుకి కూడా తలనొప్పి," అంది.

అటువైపు గొంతు మారిపోయింది. "ఎవరికి? ఎప్పట్నుంచి? వాంతులవుతున్నాయా? ఈ మాట ముందు చెప్పవేం! దించు, అందరినీ దించెయ్. కనుమ వద్దు, ఏం వద్దు. గెస్టుని గుర్రం ఎక్కించు, ఆక్సిజన్ పెట్టు!"

ఆమె ఫోను ఆపేసింది. ఒక్కచోటే, ఒక్కపూటే, ఇద్దరికి జబ్బని చెప్పింది. ఒకడికి వెల్లుల్లి చారు, ఒకడికి గుర్రం.

జరిగింది బిర్గిట్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. యజమానితో ఏమన్నదో కూడా దాచలేదు. బిర్గిట్ మొహం ఇంకా ఎర్రబడింది.

"అస్గర్, నువ్వు కిందికి దిగాల్సినంత జబ్బుగా ఉన్నావా?"

కుర్రాడు జాంబే వైపు చూసి తలదించుకున్నాడు. "తల నొప్పిగా ఉంది. కానీ నడవగలను. అబద్ధం చెప్పలేను."

"విన్నావా?" అంది బిర్గిట్. "వంటాయన్ని దించొద్దని నేను అనడం లేదు. అతనికి ఏమైనా అయితే నాకూ బాధే. కానీ కనుమ అవతల లింగ్షిలో మా ముగ్గురు పిల్లల పరిశోధన ఉంది. ఇంతమంది పిల్లలకి జవాబుదారీ నేను. ఒక్క గుర్రం, ఒక్క సిలిండర్. అవి పంపేస్తే వీళ్ళకి ఏది దిక్కు? గైడు మమ్మల్ని వదలకూడదని మొదటిరోజు నువ్వే చెప్పావు."

"వదలను మేడం. అందుకే మీరూ దిగుతున్నారు."

"మేము ఒప్పుకోకపోతే?"

జాంబే సవారీ గుర్రం దగ్గరికి వెళ్ళి పగ్గం విప్పింది. బిర్గిట్ వచ్చి ఆ పగ్గం మీద చెయ్యి వేసింది. గట్టిగా పట్టుకోలేదు, వదల్లేదు కూడా.

"జబ్బు చేస్తే మీరేం చేస్తారని గ్యెంబోని అడిగారు కదా," అంది జాంబే. "చావడమో, ఎవరైనా మోస్తే బతకడమో, అంతే. మొన్న అతను ఇదే చెప్పాడు. మీకు కష్టంగా ఉంటుందని నేను ఇంగ్లీషులో మెత్తగా చెప్పాను. చెయ్యి తియ్యండి."

బిర్గిట్ తియ్యలేదు. జాంబే లాగింది. పగ్గం ఆమె వేళ్ళ సందునుంచి ఒరుసుకుంటూ వచ్చేసింది.

వెనక్కి చూడకుండా దిగింది. గుంపుకి ముందు నడవడం ఆమెకి ఎప్పుడో గానీ జరగదు. అస్గర్ పరుగెత్తుకుంటూ వచ్చి సంచి అందుకున్నాడు. మిగతావాళ్ళు వస్తున్నారో లేదో మంచులో తెలియలేదు. చాలాసేపటికి వెనక గుర్రాల గంటలు వినిపించాయి. గుడారాల గుర్రాల్ని ఆ పిల్లలే తోలుకొస్తున్నారు, తోలడం రాక ఒకటే కేకలు.

కింద గ్యెంబోని అందుకున్నాక, లెకి నాలుక మీద మందు వేస్తే మింగలేకపోయాడు. సూది పొడవాలి. జాంబే ఆ పని బొమ్మ మీద చేసిందే గానీ మనిషి మీద చెయ్యలేదు. తొడలో గుచ్చింది. ఆక్సిజన్ మూతికి కట్టింది. గ్యెంబో తన నడికట్టు విప్పి అతన్ని జీనుకి బిగించాడు.

"లేవరా తాగుబోతూ," అన్నాడు గ్యెంబో. ఏడుస్తున్నాడు. "తాగానని చెప్పరా, నాలుగు తిట్టి వదిలేస్తాను. చెప్పరా!"

దిగారు. రాళ్ళు జారాయి. వాగు మీది దుంగల వంతెన దగ్గర గుర్రం మొరాయించింది. జాంబే దాన్ని నీళ్ళలోకే దించి, దాని మొహం తన గుండెకి ఆనించుకుని అడుగడుగూ నడిపించింది. నడుములోతు నీళ్ళు కోసేశాయి. అస్గర్ అవతలి పక్క లెకి కాలు పట్టుకుని నడిచాడు. కింద కాంపౌండరు ఉండే సైనిక శిబిరం ఇంకా చాలా దూరం ఉందనగా సిలిండర్ ముల్లు సున్నా మీద వాలింది. మూతికి కట్టింది తీసేశారు. లెకి శ్వాస గురకలా వస్తోంది, మధ్యలో ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఆగిన ప్రతిసారీ జాంబే కూడా ఊపిరి బిగబట్టింది. వెనకనుంచి బిర్గిట్ వచ్చి, గుర్రం రెండో పక్క నడుస్తూ లెకి నడుముకి భుజం ఆనించింది. అక్కడినుంచి దిగుతున్నంతసేపూ ఆ భుజం తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా శిబిరం రాతి గోడలు కనబడ్డాయి. అక్కడి కాంపౌండరు లెకి కనురెప్పలెత్తి టార్చి వేసి చూశాడు.

"ఇంకో గంట పైన ఉంచితే నా దగ్గరికి తేవాల్సిన పని ఉండేది కాదు," అన్నాడు. ఇంకో సూది వేశాడు, పెద్ద సిలిండర్ తెప్పించాడు.

తెల్లవారి లెకి కళ్ళు తెరిచాడు. జాంబేని గుర్తుపట్టాడు. కాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు, తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెల్లీ, ఓనరుకి తెలిసిందా?"

"తెలిసింది."

"ఏమని తెలిసింది?" లేవబోయాడు, ఆమె పడుకోబెట్టింది. "తాగి పడిపోయానని చెప్పు. జబ్బని చెప్పకు. తాగుబోతు వంటవాణ్ణి నాలుగు తిట్టి మళ్ళీ పిలుస్తారు. కొండెక్కలేని వంటవాణ్ణి ఎవడూ పిలవడు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు నాకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

జాంబే జవాబు చెప్పేలోపే బయట ముంగిట్లో ఫోను మోగింది. బిర్గిట్ ఒక్క మాట విని, దాన్ని జాంబేకి అందించింది.

"గెస్టు ఎలా ఉన్నాడు?" అన్నాడు యజమాని. "రాత్రంతా నిద్ర లేదు నాకు. కోలుకున్నాడా? మరి ఆ లెకిగాడికి మత్తు దిగిందా?"

తెరిచి ఉన్న తలుపులోంచి మంచం కనబడుతోంది. లెకి తల తిప్పి ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. ఔనంటే అతనికి పని దొరుకుతుంది. ఆ ఔను విని, వచ్చే ఏడాది ఏ కనుమ కిందో ఇంకో వంటవాడు తూలుతుంటే మళ్ళీ అందరూ పడీపడీ నవ్వుతారు. నిన్న తానూ నవ్వబోయింది.

"గెస్టుకేం కాలేదు సార్," అంది. "నిన్న కూడా ఏం కాలేదు. జబ్బు లెకికి. అతను తాగలేదు."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చింది.

"వినబడుతోందా సార్? చుక్క కూడా తాగలేదు."

లెకి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. యజమాని అరవడం మొదలుపెట్టాడు. జాంబే ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, వింటూ, లోపలికి నడిచి మంచం పక్కన కూర్చుంది. లెకి వీపు మీద చెయ్యి వేసింది. అతను తోసెయ్యలేదు. తిరిగి చూడనూ లేదు.