పదకొండో కార్డుకి అక్క గొంతు

దయ్యాలంటే నాకు భయం లేకపోవడం కాదు, అసలు వాటి మీద గౌరవమే లేదు. ఎవరైనా అలాంటి సంగతి మొదలుపెడితే మధ్యలోనే అడ్డు తగిలి, అప్పుడు టైమెంత, పక్కన ఎవరున్నారు, మీరు మందులేమైనా వేసుకున్నారా అని వాళ్ల ప్రాణం తీసేదాన్ని. హైటెక్ సిటీలో పద్నాలుగేళ్లుగా టెస్టర్ ఉద్యోగం నాది. తప్పెక్కడుందో వెతికి పట్టుకోవడమే పని. అందుకే ఇది రాయడానికి ఏడాది పైనే పట్టింది.

మా కంపెనీ జాతకాల యాప్ చేస్తుంది. అందులో జోస్యం చెప్పే టారో బొమ్మల కార్డులకి తెలుగులో వివరణలు వినిపించాలనుకున్నప్పుడు నేను మా అక్క పేరు చెప్పాను. అక్క ప్రభుత్వ గ్రంథాలయంలో పనిచేసేది. జోస్యం మీద నమ్మకం లేదు గానీ పాత కార్డుల బొమ్మలంటే పిచ్చి. వందల ఏళ్ల నాటి ఇటలీ కార్డులు, ఆ తర్వాతి ఫ్రాన్సు కార్డులు, వాటి నకళ్లు తెప్పించుకుని భూతద్దం పెట్టి చూసేది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే.

మొత్తం డెబ్భై ఎనిమిది కార్డులు. అక్కే రాయాలి, అక్కే చదవాలి. ఆఫీసులో ఒక చిన్న మీటింగ్ గది గోడలకి స్పాంజి అతికించి రికార్డింగ్ గది చేశారు. శనివారాలు తెల్లాపూర్ నుంచి క్యాబ్‌లో వచ్చేది. డెబ్భై ఏడు అయిపోయాయి. స్ట్రెంగ్త్, అంటే బలం అనే కార్డు ఒక్కటే మిగిలింది. కొత్త కట్టల్లో దానికి ఎనిమిదో నంబరు, పాతవాటిలో పదకొండు. అక్క పట్టుబట్టి పదకొండే వేయించింది.

ఆ కార్డు దగ్గర అక్క ఇరుక్కుపోయింది. ఒక పాత ఇటలీ బొమ్మలో మగవాడు దుడ్డుకర్ర ఎత్తి సింహాన్ని కొట్టబోతుంటాడు. ఇంకోదాంట్లో ఒకావిడ విరిగిన రాతి స్తంభం పట్టుకుని ఉంటుంది. ఫ్రాన్సు కార్డుల దగ్గరికి వచ్చేసరికి కర్రా లేదు, స్తంభమూ లేదు. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఆడమనిషి ఉత్త చేతులతో సింహం దవడలు పట్టుకుని ఉంటుంది.

"మన అమ్మవారు హాయిగా సింహం ఎక్కి కూర్చుంటుంది. ఈవిడేమో దాని నోట్లో చేతులు పెట్టింది చూడవే" అని నవ్వేది అక్క.

అక్క సందేహం ఒకటే. ఆవిడ ఆ నోరు మూస్తోందా, తెరుస్తోందా? మూస్తుంటే బలమంటే అణచిపెట్టడం. తెరుస్తుంటే బలమంటే భయపడకుండా వినడం. పుస్తకాలు రెండూ చెబుతాయి, బొమ్మ చూస్తే ఏదీ తేలదు. తేలకుండా చదవనని మొండికేసింది.

మా దగ్గర సౌండ్ చూసే సురేశ్‌కి ఒక పద్ధతి ఉంది. ప్రతి కార్డుకీ ముందు ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తాడు, తర్వాత గొంతు వెనక కలపడానికి. పదకొండో కార్డుకీ చేశాడు. ఆ నిమిషమంతా అక్క మైకు ముందు కదలకుండా కూర్చుంది. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసేసి, "ఈ వారం వద్దండీ, ఇంకా తేలలేదు" అని వెళ్లిపోయింది. పదకొండో ఫైల్లో ఆ నిశ్శబ్దం ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాతి శనివారానికి అక్క ఆసుపత్రిలో ఉంది. న్యుమోనియా. నాలుగో రోజు మధ్యాహ్నం మాస్కు కాస్త పక్కకి జరిపి నాతో ఏదో అనబోయింది. ఆక్సిజన్ పడిపోతుందన్న కంగారులో నేను మాస్కు మళ్లీ నోటి మీద పెట్టేసి, "తర్వాత మాట్లాడుదువుగాని అక్కా, పడుకో" అన్నాను. బుద్ధిగా కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

మీరు చేసింది సరైన పనే అన్నారు డాక్టర్లు. అయ్యుండొచ్చు. కానీ అక్క ఏమనబోయిందో నాకు తెలియాలి. అప్పటి నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. మదీనాగూడ నుంచి ఆఫీసుకి వెళ్లే దారంతా అక్క పెదాలు కదిలిన తీరు గుర్తు చేసుకుని మాటలు పేర్చుకునేదాన్ని.

అక్క పోయిన ఎనిమిది నెలలకి, ఒక గురువారం లంచ్ టైములో, నేను ఆ ఫైళ్లు చివరిసారి పరీక్షిస్తున్నాను. పదకొండు ఖాళీ అని రాసిస్తే అక్కడ మిషన్ గొంతు పెడతారు. ప్రతి ఫైలూ ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో, ఒకసారి ఫోన్ స్పీకర్లో వినడం నా పద్ధతి. హెడ్‌ఫోన్స్‌లో ఏసీ హోరు, ఒకచోట కుర్చీ కిర్రుమనడం, అంతే. ఆ నిశ్శబ్దంలో అక్క కూర్చుని ఉంది కదా అని అవసరం లేకపోయినా ఇంకో రెండుసార్లు విన్నాను.

తర్వాత ఫోన్లో పెట్టాను. ఫ్లోరంతా భోజనాలకి వెళ్లింది. హౌస్‌కీపింగ్ యాదమ్మ ఒక్కతే నా సీటు పక్కనున్న రికార్డింగ్ గది తలుపు అద్దం తుడుస్తోంది. నల్లగొండ వైపు మనిషి.

పది సెకన్లు గడిచాయో లేదో, అక్క గొంతు వచ్చింది.

"ఆవిడ చేతులు చూడండి. బలంగా పట్టుకున్న చేతులు కావవి, ఊరికే ఆనించినట్టున్నాయి. మూస్తోందా తెరుస్తోందా అని ఇన్నాళ్లూ ఆవిడనే చూశాను, సింహాన్ని చూడలేదు. దానికి ఆ చేతుల మీద కోపం లేదు."

అప్పుడు నేను ఒక టెస్టర్ చేసే పనే చేశాను. మా పనిలో వింత ఏదైనా కనబడితే వెంటనే ఇంకొకరికి చూపించాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. ఫోన్ బల్ల మీదే వదిలేసి సురేశ్ కోసం క్యాంటీన్‌కి పరిగెత్తాను.

మేం వచ్చేసరికి ఫోన్లో ఫైలు అయిపోయి ఆగి ఉంది. మళ్లీ పెట్టాం. ఏసీ హోరు, కుర్చీ చప్పుడు. సురేశ్ సిస్టమ్‌లో తెరిచి చూశాడు, గొంతు ఆనవాలే లేదు. ఫైలు తేదీ ఆ శనివారానిదే, ఎవరూ మార్చలేదు. మిగతా డెబ్భై ఏడూ వారం రోజులు కూర్చుని విన్నాను, ఆ మాటలు ఎక్కడా లేవు. అక్క నోట్‌బుక్‌లో ఆ కార్డు కింద ప్రశ్నార్థకం ఒక్కటే ఉంది.

బెంగతో అలా అనిపించి ఉంటుంది అన్నాడు సురేశ్. నేనూ అదే అనుకునేదాన్ని, యాదమ్మని అడగకపోయి ఉంటే.

"విన్ననమ్మా. ఎవరో మంచిగ మాట్లాడుతున్నరు గదా. మీరు ఉరికినంక గూడ మాట్లాడింది."

ఏమందని అడిగాను. చెయ్యి పట్టేసుకున్నాను. పాపం పరేషాన్ అయిపోయింది.

"మీ ఆఫీసు ముచ్చటేమో అనుకున్న, చెవి పెట్టలే. ఆఖర్ల మాత్రం 'పండూ' అని పిలిచింది. జర ఆగి మల్ల పిలిచింది. గట్ల పిలుస్తుంటే ఎవ్వరు పలుకుతలేరేంది అనుకున్న."

ఆఫీసులో నేను శ్రీలక్ష్మిని. పండు అని పిలిచేది అక్క ఒక్కతే, అదీ ఇంట్లోనే.

ఇది ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. కారణం వెతకడం కూడా మానేశాను. ఆ నిమిషం కుర్చీలోంచి లేవకుండా ఉండి ఉంటే సరిపోయేది కదా అని మాత్రం రోజూ అనుకుంటాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఎవరూ పిలవకపోయినా, "ఆఁ అక్కా" అంటూ ఉంటాను.