దండ వేసిన మిల్లింగ్ మిషన్

ఇనుము పని తెలిసినవాడు ఇనుమును కొంటూ ఎంత ఘనంగా మునగగలడో తెలుసుకోవాలంటే నా కథ వినండి. ఇప్పటికీ తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత అమ్మినవాడి చెంప!

సుల్తానాబాద్‌లో నాది చిన్న లేత్ షాపు. వరికోతలకు ముందు రైస్ మిల్లు షాఫ్టులకు గాడులు కోసిస్తానని ఒక సేటుకు మాటిచ్చేశాను. గాడులు కోసే మిల్లింగ్ మిషన్ మాత్రం నా దగ్గర లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నేను ఆ సోమలింగాన్ని బళ్లో కూడా వేసేశాను. మాట తప్పితే ఇక ఏ మిల్లువాడూ నా షాపు మెట్టెక్కడు.

హుస్నాబాద్‌లో ఒకాయన పాత మిషన్ అమ్ముతున్నాడని తెలిసి, మంచిరోజు కదా అని దసరా నాడే బయలుదేరాను.

"జర నడిపిచ్చి చూసినంకనే పైసలియ్యి" అంది నా భార్య.

"గా మాత్రం తెల్వదా నాకు? ఐటీఐ జదివిన!"

వెంట్రుకవాసి తేడానైనా పట్టి చూపే డయల్ గేజ్ జేబులో వేసుకుని మరీ పోయాను.

అక్కడ మిషన్ కొత్త ఆకుపచ్చ రంగుతో, ఒళ్లంతా పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో పెళ్లికూతురిలా వెలిగిపోతోంది. నేనేం చేశానో తెలుసా? చెప్పులు విడిచి దండం పెట్టాను. పాత మిషన్‌ను పరీక్షించే పద్ధతి ఇదేనా అండీ!

"జర స్విచ్చేస్తవానే అన్నా?"

ఆయన చెవులు మూసుకున్నాడు. "రామ రామ! ఆయుధ పూజ నాడు నడిపిస్తమా తమ్మీ?"

"పోనీ, టేబులన్న జర్ర కదిలిచ్చి..."

"పూజల ఉన్నదాన్ని కదిలిస్తరా? నువ్వేం మనిషివే!"

సిగ్గేసింది. గేజ్ జేబులోనే ఉండిపోయింది. ఆయన నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ ఇచ్చి, "బంగారం అసొంటి మిషన్ తమ్మీ" అన్నాడు. కౌగిలించుకున్న మనిషిని అనుమానిస్తామా? అక్కడికక్కడే పైసలన్నీ ఇచ్చేశాను. అంత మర్యాద నాకెందుకో!

మర్నాడు షాపుకు తెచ్చి పసుపు కడిగితే, దాంతోపాటు లోపల నింపిన పుట్టీ కూడా ఊడొచ్చింది. షాఫ్టును బిగించే టేబుల్ జారే పట్టాలు అరిగి గుంతలు పడ్డాయి. చేతిచక్రం తిప్పితే, టేబుల్ కదిలేలోపు చాయ్ తాగి రావచ్చు. స్విచ్ వేస్తే షాపంతా వణికింది. కోసిన గాడి పాము పోయినట్టు వంకరలు తిరిగింది.

సేటు షాఫ్టును ఎత్తి చూశాడు. "గాడి గీసినవా, ముగ్గేసినవా?" అని, మిగతా పనంతా కరీంనగర్‌కు పంపేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా హుస్నాబాద్ పోయి గుమ్మంలోంచే అరిచాను. "మోసం జేసినవ్ గదనే! నీ మిషన్ పనే జేస్తలేదు!"

ఆయన నింపాదిగా తమలపాకు నములుతూ అడిగాడు. "నీకు అమ్మిన నాడు పని జేసిందా?"

"లే! పండుగని నువ్వే జేయనియ్యలే!"

"ఇప్పుడు జేస్తుందా?"

"జేస్తలేదంటున్న గదా!"

"మరి తేడా ఏమొచ్చింది తమ్మీ? నేను జూపిచ్చినట్టే ఉన్నది గద!"

వచ్చినదారినే తిరిగి వచ్చాను.

అందుకే నూనె గుడ్డ చేతబట్టి, పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సాక్షాత్తు దుర్గమ్మే సింహం దిగొచ్చి మిషన్ అమ్మినా సరే, ముందు స్విచ్ వేయిస్తాను. తల్లికి కోపమొస్తే, కాళ్లు తర్వాత పట్టుకుంటాను.