రాఘవమ్మ ఐదు శ్రుతి హారతి

జగ్గయ్యపేటలో పెళ్ళిళ్ళకు డీజే పెట్టే భవానీప్రసాద్ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఆ రోజు వేయాల్సిన పాటల్ని ఫోన్‌లో ఒక్కొక్కటే పెట్టుకుని, మెట్లు నొక్కుతూ ఏది ఏ శ్రుతిలో ఉందో వెతికేవాడు.

"ల్యాప్‌టాపే చెబుతుంది కదన్నా, నీకెందుకీ తిప్పలు?" అనేవాడు లైట్లు కట్టే నవీన్‌బాబు.

"చెప్పుద్దిరా. ఒక్కోసారి పెళ్ళికొడుకు ఎవరంటే తోడల్లుణ్ణి చూపించుద్ది."

ఒక పాటలోంచి ఇంకో పాటలోకి పోయేటప్పుడు వినేవాళ్ళకు కుదుపు తెలియకూడదని అతని పట్టుదల. హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి శ్రుతి పాటలో పంచమమే, అంటే 'ప' స్వరమే, ఐదు శ్రుతి పాటకు షడ్జమం, 'స'. అందుకని ఆ రెండూ ఇరుగుపొరుగుల్లా కలిసిపోతాయి. తాళం వేగం కూడా సమానం చేస్తే, ఏది ఎక్కడ ఆగిందో చిందులేసేవాళ్ళకు తెలియనే తెలియదు.

శ్రుతుల సంగతి అతనికి నేర్పింది నందిగామలో ఉండే మేనత్త రాఘవమ్మ. రామభజనలో ముందు కూర్చుని పాడేది. తెలిసినవాళ్ళ ఇంట ఏ శుభకార్యమైనా మంగళహారతి ఆవిడదే. హారతయ్యాక వంటవాళ్ళు తిన్నారో లేదో కనుక్కుని గాని ఇంటికి వచ్చేది కాదు.

రాఘవమ్మ మనవరాలు రాజ్యశ్రీ పెళ్ళి కుదిరినప్పుడు ప్రసాద్‌కు ఒక ఆలోచన వచ్చింది. మేనమామలు పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చే వేళ అత్తయ్య హారతి వినిపించి, అందులోంచి మెల్లగా డప్పుల పాటలోకి పోవాలి. ఆవిడ చేత ఫోన్‌లో పాడించుకున్నాడు. మర్నాడు హార్మోనియం మీద చూస్తే సరిగ్గా ఐదు. దానికి కలిసేలా ఒకటి శ్రుతిలో డప్పుల పాట ఏరి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు వినబోయేది మా అత్తయ్య గొంతు" అని నందిగామ కల్యాణమండపంలో మైకులో చెప్పాడు కూడా. గంప లేచింది. హారతి నిదానం, డప్పులు జోరు. హారతి వేగం పెంచాడు. వేగం పెరిగినా శ్రుతి కదలకుండా పట్టి ఉంచే బటన్ ఒకటుంటుంది. మేనమామలు "కానీ, కానీ" అని తొందరపెడుతుంటే ఆ కంగారులో అది నొక్కడం మరిచాడు. వేగంతో పాటు గొంతూ ఎగబాకి ఆరున్నరకు పోయింది. డెబ్బయ్యేళ్ళ గొంతు కీ ఇచ్చిన బొమ్మలా కీచుమంది. డప్పులతో కలవనూ లేదు.

"రాఘవమ్మ గారికి మళ్ళీ పాలపళ్ళు వచ్చినయ్యే!" అన్నారెవరో. మండపమంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న రాఘవమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అతను కాళ్ళ మీద పడబోతే లేవనెత్తి, "పెళ్ళన్నాక నవ్వులుండాలిరా ప్రసాదూ. ముందు అన్నం తిను, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు" అంది.

ఆ తర్వాత ఆవిడ ఎక్కడా హారతి పాడలేదు. అడిగితే గొంతు ఎండిపోయిందనేది. భజనలో వెనక వరసకు జరిగి తాళాలు మాత్రం వేసేది. జగ్గయ్యపేట వచ్చేవాళ్ళెవరున్నా ప్రసాద్‌కు గోంగూర పచ్చడి పంపడం మానలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని అతను బాధపడేవాడు. పొద్దున పూట ఐదు మెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఇలాగే ఏళ్ళు గడిచాయి.

మొన్న శ్రీరామనవమి ముందురోజు హార్మోనియం చంకన పెట్టుకుని నందిగామ బస్సెక్కాడు. కండక్టర్ చూసి, "కూర్చోండి సార్, దానికి దెబ్బ తగులుద్ది" అని తన సీటిచ్చి, ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

వెళ్ళేసరికి రాఘవమ్మ పానకానికి బెల్లం కొడుతోంది.

"అత్తయ్యా, రేపు హారతి నువ్వే పాడాలి."

"నవ్వుతారురా."

"ఆ రోజు నవ్వింది నీ గొంతుకు కాదు, నేను చెడగొట్టినదానికి."

ఆవిడ ఒక బెల్లం ముక్క అతని చేతిలో పెట్టింది. "తిను, ఎండన పడి వచ్చావు. అబద్ధం కాదురా, నిజంగానే గొంతు పోయింది. నిన్న దొడ్లో ఎవరూ లేకుండా చూసి పాడబోయా. ఐదు అందలా. నాలుగే కష్టంగా ఉంది. ఇన్నాళ్ళు మూల పడేస్తే ఉంటదా?"

ఐదు మెట్టు మీద ఇక ఆ గొంతు వినపడదని ప్రసాద్‌కు అప్పుడు తెలిసింది. బెల్లం అంటిన వేళ్ళు తుడుచుకుని, హార్మోనియం తెరిచి, నాలుగు మీద వేలు పెట్టాడు.

"నాలుగైతే నాలుగు, మూడైతే మూడు. ఎంత నిదానమైనా సరే, ఈసారి నీ వెనక నేనొస్తా. ఒక్క చరణం పాడి పెట్టు అత్తయ్యా."