ఏడో అరలోని డిస్కు

ప్రభుత్వ స్టోర్సులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, 2010ల మధ్యలో కొన్నాళ్ళు విజయనగరంలో ఒక చిన్న గ్రంథాలయంలో సామాన్ల లెక్కలు చూస్తూ ఉన్నాను. అక్కడ పుస్తకాలకన్నా గొంతులు ఎక్కువ. చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళు పని చేసుకుంటూ పాడుకునే పాటల్ని రికార్డు చేసి దాచేవారు. వాళ్ళ తర్వాత ఆ పాటలు పాడేవాళ్ళు దాదాపు లేరు.

రికార్డు చేసేది ఒక్కావిడే. నరసన్నపేటలో బట్టల వ్యాపారం చేసుకునేవాళ్ళ ఆడపడుచు. నలభై ఏళ్ళుంటాయి. వారంలో నాలుగు రోజులు పల్లెల్లో తిరిగేది, మిగతా రోజులు తెచ్చినవి కంప్యూటర్లోకి ఎక్కించేది. నన్ను మాస్టారూ అనేది. నేనెప్పుడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. మా వైపు వయసు మీరిన గుమాస్తాకు కూడా ఆ పిలుపు దక్కుతుంది.

వెనక గదిలో ఏసీ కింద ఒక ఇనప పెట్టె ఉండేది. దానికి ఏడు అరలు. ఆరింటిలోని డిస్కుల్లో పాటలన్నీ పంచి ఉండేవి. ఒక డిస్కు పోతే మిగతా ఐదూ కలిసి దానిలోనివి తిరిగి కట్టి ఇవ్వగలవు. రెండు పోతే ఏమీ మిగలదు. ఏడో అరలోది ఖాళీ డిస్కు. పెట్టె వారానికోసారి తన డిస్కుల్ని తనే పరీక్షించుకునేది. దేనిలోనైనా పాడయ్యే సూచన కనిపిస్తే, అది ఇంకా పనిచేస్తుండగానే పసుపు దీపం వెలిగించి, దానిలోనివన్నీ ఏడో డిస్కుకు ఎక్కించేసేది. మనిషి చెయ్యి అక్కర్లేదు. ఇదంతా ఆవిడ ఓపిగ్గా చెబితే డైరీలో బొమ్మ గీసుకుని మరీ రాసుకున్నాను. అర్థమైందనే అనుకున్నాను.

ఆ చలికాలంలో నెల్లిమర్లలో ఒక ముసలమ్మ పోయింది. గోనెసంచులు కుట్టి బతికిన మనిషి. కుడుతూ పాడుకునే పాట ఒకటి ఆమెకు వచ్చు. రెండు మధ్యాహ్నాలు పట్టింది దాన్ని రికార్డు చేయడానికి. మొత్తం పాట ఇంకెవరికీ రాదు. తల్లి సంవత్సరీకానికి బంధువులకు వినిపించుకుంటానని కూతురు ఒక కాపీ అడిగింది. వెనకాల ఫ్యాను హోరు తీసేసి శుభ్రంగా ఇస్తానని ఆవిడ మాట ఇచ్చింది. చేతినిండా పనుండి అది వాయిదా పడుతూ వచ్చింది.

మార్చి నెలాఖరున స్టాకు తనిఖీ. రిజిస్టరు ప్రకారం విడి డిస్కులు రెండు. బీరువాలో ఒకటే ఉంది. రెండోది ఏడో అరలో ఉందని నాకు తెలుసు, కానీ దాన్ని ఎక్కడ చూపించాలో తెలియలేదు. వాడకానికి ఇచ్చినట్టు రాయాలంటే పాడైన పాతది వెనక్కి రావాలి. ఉద్యోగమంతా నేను పాటించిన పద్ధతి అది, గ్రంథాలయంలోనూ నేనే పెట్టాను. ఇవ్వలేదని రాయాలంటే వస్తువు బీరువాలో కనిపించాలి. అరలోంచి తీసి తెచ్చి ఇమ్మని ఆవిడతో అన్నాను.

“అది ఊరికే లేదు మాస్టారూ, కాపలా కాస్తన్నాది,” అంది.

“ఆర్నెల్లయి ఒక్క పనీ చెయ్యలేదు కదమ్మా.”

“ఫైరింజన్ని కూడా బీరువాలో పెట్టి తాళమేసేస్తారేటి?”

“నిప్పంటుకుంటే తీస్తాను.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ డిస్కు తెచ్చి ఇచ్చింది. చీటీ కట్టి బీరువాలో పెట్టాను. లెక్క సరిపోయింది. గ్రంథాలయ కార్యదర్శి సంతకం లేనిదే బీరువాలోంచి ఏదీ తీయకూడదన్న నియమం కూడా నాదే.

మే నెలలో ఒక శుక్రవారం ఉదయం నాలుగో అర మీద పసుపు దీపం వెలిగింది. ఆవిడ అప్పుడు సోంపేట వైపు పల్లెల్లో ఉంది. ఫోను చేశాను.

“ఏ దీపం మాస్టారూ? సరిగ్గా సూసి సెప్పండి.”

నాలుగోదేనని చెప్పాను. డిస్కు బాగానే పనిచేస్తోందని కూడా చెప్పాను. పరీక్ష కోసం నెల్లిమర్ల ముసలమ్మ పాట వేసి చూశాను. గొంతు స్పష్టంగా వచ్చింది.

“పనిచేస్తాది. పాడైపోతానని ముందే సెప్తన్నాది, అంతే. బీరువాలోది తీసి ఏడో అరలో తోసేయండి. మిగతాది అదే సూసుకుంటాది.”

కార్యదర్శి విశాఖపట్నంలో ఉన్నారు, సోమవారం వస్తారు, సంతకం కాగానే పెడతానన్నాను.

“తాళంచెవి మీ దగ్గరే ఉన్నాది కదా,” అంది.

ఉంది. చొక్కా జేబులోనే ఉంది. పద్ధతి తప్పితే రేపు ఇద్దరికీ మాట వస్తుందన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ రోజు డైరీలో నా చేతిరాతతో ఇలా ఉంది: ‘నాలుగవ డిస్కునకు హెచ్చరిక. పనిచేయుచున్నది. సోమవారము చర్య.’

సోమవారం గది తలుపు తీసేసరికి రెండు ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. ఏ హెచ్చరికా ఇవ్వని రెండో డిస్కు ఆదివారం ఉన్నట్టుండి పోయింది. దాని భారం కూడా మీద పడేసరికి నాలుగోది తట్టుకోలేకపోయింది. పదకొండు గంటలకు సంతకం అయింది. కొత్త డిస్కు ఏడో అరలో పెట్టాను. దానిలోకి ఎక్కించడానికి ఏమీ లేదు. పాడైనవి హైదరాబాదు పంపి చూశారు. అక్కడివాళ్ళూ చేతులెత్తేశారు.

మొదటి రెండేళ్ళ పాటలకు వేరేచోట నకళ్ళున్నాయి. ఆ తర్వాత పద్నాలుగు నెలలవి పోయాయి. ఆవిడ కాగితం తీసుకుని పాడినవాళ్ళ పేర్లు వరసగా రాసింది. చాలామంది మళ్ళీ పాడగలరు. ఐదు పేర్ల పక్కన చిన్న గీత గీసింది.

కార్యదర్శి నన్ను ఏమీ అనలేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, మిషన్లన్నాక పోతుంటాయి అన్నారు. ఆ మాట పట్టుకుని నేను కూడా కొన్నాళ్ళు ఊరుకోగలిగేవాణ్ణే. కానీ శుక్రవారం రాసుకున్నది మళ్ళీ చదువుకుంటే ‘పనిచేయుచున్నది’ అన్న చోటే కళ్ళు ఆగిపోయేవి. బాగున్న వస్తువు ఏదో, పాడైన వస్తువు ఏదో నాకు తెలుసు. పాడవబోతున్న దానికి నా రిజిస్టర్లో గడి లేదు. గడి గీయడానికి ఒక స్కేలు, అర నిమిషం చాలు.

ఆవిడ నెల్లిమర్ల వెళ్తుంటే నేనూ వస్తానన్నాను. ఎందుకన్నట్టు చూసింది గాని వద్దనలేదు. ముసలమ్మ కూతురు ఇంటి అరుగు మీద సంచులు మడతపెడుతోంది. రికార్డు చేసిన ఆవిడ గొంతు సవరించుకుని మిషను పాడైపోయిందని మొదలుపెట్టింది.

“మిషను ముందే చెప్పిందమ్మా,” అన్నాను. “మార్చాల్సిన సామాను నా దగ్గరే ఉంది. నేనే పెట్టలేదు.”

కూతురు నా మొహంలోకి చూసింది. “ఒక్క ముక్కా లేదేటి బాబూ?”

“లేదమ్మా.”

ఆమె ఇంకో రెండు సంచులు మడతపెట్టింది. తర్వాత అంది: “నాకు సగమే వొచ్చు. మాయమ్మ పాడతన్నప్పుడు పనిలో పడిపోయి సరిగ్గా ఇన్నేదు.”

ఆవిడ రికార్డరు తీసి అరుగు మీద పెట్టింది. కూతురు సంచి ఒడిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా పాడింది. గొంతు బాగుంది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి ఆ చరణమే మళ్ళీ అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఆవిడ రికార్డరు ఆపలేదు. నేను కదల్లేదు. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. కొంతసేపటికి కూతురు తల అడ్డంగా ఊపి, ఒడిలోని సంచి పక్కన పెట్టి, మాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.