వేలెడంత సొట్ట

మా మేస్త్రి పోయాడన్న కబురు నాకు బుధవారం పొద్దున కువైట్ ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో తెలిసింది. ఖైతాన్‌లో మా రూమువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టారు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. రాయచోటి దగ్గర సొంతూళ్ళో, ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. పెట్టాక నామీద నాకే అసహ్యమేసింది. మూడేళ్ళుగా ఆయనతో మాట్లాడనివాణ్ణి, ఇప్పుడు దండం పెడుతున్నాను!

మీలో చాలామంది కువైట్‌లో విమానం ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి ఆయన్ను చూసే ఉంటారు. మెరిసే పసుపు చొక్కా, చెవులకు డిప్పలు, తలకు చుట్టుకున్న ఎర్రగళ్ళ గుడ్డ. మీ పెట్టెల్ని విమానం పొట్టలోకి ఎక్కించే మనుషులకు ఆయన మేస్త్రి. ఆయన కింద నేను ఆరేళ్ళు పనిచేశాను. పెట్టెల్ని నేలమీది నుంచి కార్గో తలుపు దాకా మోసుకుపోయే వాలు బెల్టు బండి ఒకటి ఉంటుంది, లోడర్ అంటాం. దాన్ని నడపడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

విమానం రాకముందు ఆయన అది నిలబడే చోటంతా తలొంచుకుని నడిచేవాడు. ఊడిపోయిన సూట్‌కేసు చక్రం, జిప్పు ముక్క, స్క్రూ, గులకరాయి, ఏది కనబడ్డా వంగి తీసి జేబులో వేసుకునేవాడు. ఇంజను లోపలికి లాక్కుంటుందని ఆయన భయం. "ఏం మేస్త్రీ, బంగారమేమన్నా దొరికిందా?" అని మేం ఏడిపించేవాళ్ళం. "ఏమీ దొరక్కుంటేనే మేలప్పా" అనేవాడు, నవ్వకుండానే.

మనవాళ్ళ అట్టపెట్టెలంటే ఆయనకు మరీ ప్రాణం. తాడు బిగించి, నాలుగు చుట్లు టేపు చుట్టి, నాలుగు పక్కలా పేరూ ఊరూ రాసిన పెట్టెలు మీకు తెలియనివి కావు. వాటిని ఎవడైనా విసిరితే ఊరుకునేవాడు కాదు. "మెల్లగ రా. దాంట్లో రెండేండ్ల కష్టముండాది" అనేవాడు. మేం పెట్టెలు ఎక్కించిన విమానం నేల వదిలేదాకా టీ ముట్టేవాడు కాదు. "పైన బండి పక్కకు తీసి ఆపుకునేదానికి రోడ్డు లేదబ్బీ. సూసుకోవాల్సిందంతా ఈడనే" అని నాకు వందసార్లు చెప్పుంటాడు. వందసార్లూ తలూపాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. దారి చూపే మనిషి ఎదురుగా నిలబడి చేతులు ఊపందే లోడర్ విమానం దగ్గరికి పోకూడదు. జానెడు దూరంలో ఆగాలి. బెల్టు చివర మెత్తటి రబ్బరే ఉన్నా సరే, విమానానికి తగలకూడదు.

ఆ రోజు దుమ్ముగాలి. ఎండాకాలం మధ్యాహ్నం, చెన్నై విమానం. అందులో నా చెల్లెలు ఉంది. సిటీలో షర్క్ పక్కన ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. మర్నాడు పొద్దున దాని కూతురి పెళ్ళి. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సెలవు చివరి రోజుకు గానీ ఇవ్వలేదు. విమానం అప్పటికే ఆలస్యం. దారి చూపేవాడు నీళ్ళకని పోయాడు. ఆరేళ్ళ అనుభవం నాది, నాకొకడు దారి చూపాలా అనుకున్నాను. బండి ముందుకు తీశాను. పెద్ద చప్పుడేం కాలేదు. దిగి చూస్తే కార్గో తలుపు కింద వేలెడంత సొట్ట.

తడి రుమాలుతో తుడిచాను. దుమ్ము పోయింది, సొట్ట పోలేదు. ఎవరూ చూడలేదు కదా అని పెట్టెలు ఎక్కించి తలుపు మూయించాను. చివర్లో మేస్త్రి అలవాటు ప్రకారం విమానం చుట్టూ తిరుగుతూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగాడు. వేలితో తడిమాడు.

"ఇదేంది?"

"ముందు నుంచే ఉండాది మేస్త్రీ."

"విమానం వచ్చి నిలబడినప్పుడు సూసినా నేను. లేదు."

ఇక దాచలేకపోయాను. "చెల్లెలు లోపలుండాది మేస్త్రీ. రేపు పొద్దున పెండ్లి, నీకు తెల్సు గదా. ఇంత సొట్టకు ఏమైతాది?"

"ఏమైతాదో నీకు తెలీదు, నాకూ తెలీదు. తెలిసినోడు ఇంజనీరు. నువ్వే పోయి చెప్పు అబ్బీ. నేను చెప్తే నీమీద చాడీ చెప్పినట్లయితాది."

నేను కదల్లేదు. ఆయన నాకోసం రెండు నిమిషాలు ఎదురుచూశాడు. తర్వాత తనే పోయి చెప్పాడు.

ఇంజనీరు లోపల టార్చి వేసి చూస్తే, సొట్ట వెనక పట్టీ ఒకటి పగులిచ్చి ఉంది. పైకి పోయాక అది ఏమయ్యేదో తర్వాత నేను ఎవర్నడిగినా కచ్చితంగా చెప్పలేకపోయారు. ప్రయాణికుల్ని దింపేశారు. మర్నాడు నా చెల్లెలు ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుని కూతురి మెళ్ళో తాళి పడటం ఫోన్‌లో చూసింది. విమానాల దగ్గరికి పోయే నా పాసు తీసేసి నన్ను కార్గో షెడ్డుకు తోశారు. దారి చూపే మనిషి లేకుండా పని జరిగిందని మేస్త్రికీ హెచ్చరిక కాగితం ఇచ్చారు.

"విమానం ఎందుకు ఆపినారన్నా?" అని చెల్లెలు ఏడుస్తూ అడిగింది. "మా మేస్త్రి. ఇంత సొట్టకు పెద్ద రాద్ధాంతం చేసినాడు" అన్నాను. ఆ సొట్ట ఎవరు పెట్టారో అది అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం ఖైతాన్‌లో కూరగాయల అంగడి ముందు ఆయన నాకూ చెల్లెలికీ ఎదురుపడ్డాడు. చెల్లెలు వెళ్ళి ముఖం మీదే అడిగేసింది. "ఏమయ్యా మేస్త్రీ, నా బిడ్డ పెండ్లి నా కండ్లతో సూడనీకుండా చేసినావే. నీకు పిల్లల్లేరా?"

అంగట్లో అందరూ ఇటే చూస్తున్నారు. ఆయన చేతిలో టమాటాల సంచి. ఒక్కసారి నావైపు చూశాడు. ఇప్పుడైనా నోరు తెరుస్తానేమోనని చూసి ఉంటాడు. నేను ఉల్లిగడ్డలు ఏరుతున్నట్టు నటించాను.

"నీకు అన్యాయం జరిగిందమ్మా. నిజమే" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. అడిగినవాళ్ళకు కోపమని చెప్పాను. కోపం కాదు, సిగ్గు. ఆ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

"కొత్త టెర్మినల్ తెరిచినాక దాంట్లోంచే దర్జాగా ఇంటికి పోతా" అనేవాడు మేస్త్రి. అది తెరవకముందే మోకాళ్ళు మొరాయించాయి. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, ముగించుకుని పోయే వారం నన్ను చూడ్డానికి కార్గో షెడ్డుకు వచ్చాడు. నేను ఫోర్క్‌లిఫ్టు వెనక నక్కి నిలబడ్డాను. పావుగంట చూసి పోయాడు. ఆయన చెప్పి పోయిన మాట కాపలావాడు తర్వాత నాకు అప్పజెప్పాడు. "ఫోర్క్‌లిఫ్టు ఎనక నిలబడొద్దని చెప్పు. రివర్సు తీసేటోడికి మనిషి కనపడడు."

మొన్న శుక్రవారం షర్క్ పోయి చెల్లెల్ని ఆ ఇంటి వెనక గేటు దగ్గరికి పిలిచాను. మేస్త్రి పోయాడని చెప్పాను. "పోనీలే. పోయినోళ్ళను ఏం అంటాం" అని మొహం తిప్పుకుంది. అప్పుడు మొత్తం చెప్పాను. నా తొందర, తడి రుమాలు, ఆయనతో ఆడిన అబద్ధం, దానితో చెప్పని నిజం.

పెళ్ళి సంగతి ఎత్తి తిడుతుందనుకున్నాను. "అంటే అన్నా, అది అట్లుండంగానే నన్ను పైకి పంపుతాంటివా?" అంది.



చున్నీతో కళ్ళు తుడుచుకుని ఆయన ఇంటి నంబరు అడిగింది. "అంత మందిలో ఆయప్పను అన్ని మాటలంటినే" అనుకుంటూ తన ఫోన్‌లోనే కొట్టింది. ముందు తను మాట్లాడుతుందేమో అనుకున్నాను. అవతల ఎత్తగానే ఫోను నా చేతిలో పెట్టి, గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. మేస్త్రి భార్య గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "ఎవరు? ఎవరప్పా మాట్లాడేది?" అని ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.